కెమెరా ఫోకస్ ఎవరి మీద పెడుతుంది? ఆటోఫోకస్ మోడ్‌ల సంగతులు

2018 వేసవిలో మా నాన్నగారు విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. కూచిపూడి క్లాసులో చేరి ఏడాది కావస్తోంది. వాళ్ల డాన్స్ స్కూల్ వార్షికోత్సవంలో చిన్నపిల్లలందరూ స్టేజి మీదే పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టి ఆశీర్వాదం తీసుకున్నారు. మా నాన్నగారు వంగి మనవరాలి తల మీద చెయ్యి పెట్టారు. నేను మూడో వరసలో నిలబడి, కొత్తగా కొన్న డీఎస్‌ఎల్‌ఆర్‌తో టకటకా పద్నాలుగు ఫోటోలు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పద్నాలుగింటిలోనూ స్టేజి ముందున్న ఇత్తడి దీపపు సెమ్మె అద్భుతంగా వచ్చింది. సెమ్మె పైనున్న హంస రెక్కల మీద చెక్కిన గీతలు లెక్కపెట్టొచ్చు. వెనకాల తాతా మనవరాళ్లు మాత్రం మంచులో నిలబడినట్టున్నారు. "పోన్లే అమ్మా, మళ్లీ వస్తాగా" అన్నారు నాన్నగారు. 2020 మార్చికి టికెట్లు కూడా కొన్నాం. ఆ తర్వాత జరిగింది మీ అందరికీ తెలిసిందే. విమానాలు ఆగిపోయాయి, మరుసటి ఏడాది నాన్నగారు వెళ్లిపోయారు.

ఆ ఫోటోల్లో ఒకదాన్ని ఈమధ్య వచ్చిన ఏఐ సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయించి చూశాను. మొహం స్పష్టంగానే వచ్చింది, కానీ అది నాన్నగారి మొహం కాదు. లేని వివరాన్ని అది ఊహించి గీసింది, అంతే. ఫోటో తీసే క్షణంలో సెన్సర్ మీద పడని వివరం తర్వాత ఎక్కణ్ణుంచీ రాదు. బీఎస్సీలో ఫిజిక్స్ చదివిన దాన్ని, లెన్స్ ఫార్ములా కంఠతా వచ్చిన దాన్ని, నా కెమెరా దేని మీద ఫోకస్ చేస్తోందో చూసుకోలేదేమిటా అని అప్పటినుంచీ నాకొక గుచ్చు. మాన్యువల్ తీసి మొదటి పేజీ నుంచి చదివాను. అందులో నాకు అర్థమైనది, ఆ తర్వాత వాడి చూసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పిల్లల అరంగేట్రాలు, సాకర్ ఆటలు, బతుకమ్మ పండగలు తీసుకునే అమ్మలకు పనికొస్తుందని.

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. ఫోటో మసకగా వచ్చిందంటే తప్పు ఎప్పుడూ ఫోకస్‌దే కాదు. ఫోటోని పెద్దది చేసి చూడండి. అందులో ఏదో ఒక వస్తువు, ముందుదో వెనకదో, కత్తిలా స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పిందన్న మాట. మొత్తం ఫోటో ఒకే వైపుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది. వెనక తెర బాగుండి పిల్ల చేతులు, జడ మాత్రమే చెరిగిపోయి ఉంటే షట్టర్ స్పీడ్ చాలలేదు. ఈ రెండింటికీ ఫోకస్ మోడ్‌లు ఎన్ని మార్చినా లాభం లేదు.

ఫోకస్ కుదిరిందని కెమెరాకి ఎలా తెలుస్తుంది

బొటనవేలు మొహానికెదురుగా పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతినట్టు కనిపిస్తుంది. దగ్గర వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరపుది తక్కువ. ఫేజ్ డిటెక్షన్ అనే పద్ధతి ఇంచుమించు ఇదే. లెన్స్‌కి ఒక అంచు వైపు నుంచి వచ్చిన కాంతినీ, రెండో అంచు వైపు నుంచి వచ్చిన కాంతినీ విడదీసి రెండు బొమ్మలుగా పోల్చుతుంది. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఫోకస్ కుదిరినట్టు. లేకపోతే ఎంత తేడా ఉందో, ఏ వైపుకి ఉందో చూసి లెన్స్‌ని ముందుకు జరపాలో వెనక్కి జరపాలో ఒక్కసారే లెక్కకట్టేస్తుంది. అందుకే ఇది వేగంగా పనిచేస్తుంది.

రెండోది కాంట్రాస్ట్ డిటెక్షన్. ఫోకస్ కుదిరినప్పుడు అంచులు పదునుగా, నలుపు తెలుపుల తేడా ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా పెరుగుతోందా తగ్గుతోందా చూస్తూ కెమెరా లెన్స్‌ని జరుపుతుంది. శిఖరం దాటి కొంచెం కిందికి దిగితే గానీ అదే శిఖరమని తెలియదు కాబట్టి, దాటి మళ్లీ వెనక్కి వస్తుంది. పాత రేడియోలో స్టేషన్ పట్టుకోవడానికి ముల్లు అటూ ఇటూ తిప్పినట్టు. చీకట్లో లెన్స్ గుర్రుగుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరిగేది ఇలా వెతుక్కుంటూనే.

డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు ఇక్కడొకటి గమనించాలి. కంటిని వ్యూఫైండర్‌కి ఆనించి తీస్తే ఫేజ్ డిటెక్షన్ పనిచేస్తుంది. వెనక స్క్రీన్ మీద చూస్తూ తీస్తే, చాలా మోడళ్లలో అద్దం పైకి లేచిపోయి కాంట్రాస్ట్ పద్ధతికి మారిపోతుంది. స్క్రీన్ మీద చూస్తే నెమ్మదిగా ఫోకస్ అవుతోందని విసుక్కునేవాళ్లు వ్యూఫైండర్‌లోంచి చూస్తే సగం బాధ తీరుతుంది. 2012లో వచ్చిన కెనన్ 650డీ నుంచి సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ చేసే ఏర్పాటు వాళ్ల కెమెరాల్లోకి రావడం మొదలైంది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు దాదాపుగా అన్నీ, 2014 నుంచి ఫోన్లు కూడా సెన్సర్ మీదే ఆ పని చేస్తున్నాయి.

ఈ విద్య వెనక అమెరికాలో పెద్ద కోర్టు గొడవే నడిచింది. 1977లో కోనికా సీ35 ఏఎఫ్ అనే చిన్న కెమెరా వచ్చింది. పెద్దఎత్తున అమ్మిన మొదటి ఆటోఫోకస్ కెమెరా అదే. దాని లోపలి ఫోకస్ పరికరం అమెరికా కంపెనీ హనీవెల్‌ది. మరుసటి ఏడాది పోలరాయిడ్ వాళ్లు గబ్బిలంలాగా శబ్దతరంగాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే కెమెరా తెచ్చారు. తెలివైనదే, కానీ కిటికీ అద్దం అవతలిది తీయాలంటే శబ్దం అద్దానికే తగిలి తిరిగొచ్చేసేది. 1985లో మినోల్టా మాక్సమ్ 7000 వచ్చాక ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్‌లు నిజంగా జనంలోకి వెళ్లాయి. అందులో తమ పేటెంట్లు వాడుకున్నారని హనీవెల్ దావా వేసింది. 1992లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టులో జ్యూరీ హనీవెల్ వైపు తీర్పిచ్చింది, మినోల్టా చివరికి 12 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. మీట సగం నొక్కగానే వినిపించే ఆ "పిప్" శబ్దం వెనక ఇంత డబ్బు తిరిగిందని మా వారికి చెబితే ఆయన నమ్మలేదు.

ఎప్పుడు ఫోకస్ చేయాలి

మెనూలో కనిపించే పేర్లన్నీ చూసి బెదిరిపోనక్కర్లేదు. కెమెరా మనల్ని అడిగేది రెండే ప్రశ్నలు: ఎప్పుడు ఫోకస్ చేయాలి, ఎక్కడ ఫోకస్ చేయాలి. నేను చాలాకాలం ఈ రెండూ కలిపేసుకుని గందరగోళపడ్డాను.

మొదటి ప్రశ్నకి మూడు జవాబులు. నికాన్, సోనీ కెమెరాల్లో ఏఎఫ్-ఎస్ అని, కెనన్‌లో వన్ షాట్ అని ఉంటుంది. మీట సగం నొక్కితే ఒకసారి ఫోకస్ చేసి అక్కడే తాళం వేసుకుంటుంది. వేలు తీసేదాకా కదలదు. మామూలుగా ఫోకస్ కుదరకపోతే ఫోటో తీయనివ్వదు కూడా. గృహప్రవేశంలో పీటల మీద కూర్చున్న దంపతులు, బొమ్మల కొలువు, కాఫీ కప్పులు, ఇలా కదలనివాటికి ఇది చక్కగా సరిపోతుంది.

రెండోది ఏఎఫ్-సి. కెనన్‌లో ఏఐ సర్వో అనీ, కొత్త మిర్రర్‌లెస్‌లలో ఉత్త సర్వో అనీ అంటారు. మీట సగం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ మారుస్తూనే ఉంటుంది. అంతేకాదు, పిల్ల మన వైపు ఎంత వేగంగా వస్తోందో లెక్కకట్టి, షట్టర్ తెరుచుకునే క్షణానికి ఎక్కడుంటుందో ముందే ఊహించి లెన్స్‌ని అక్కడికి జరుపుతుంది. ఇందులో సాధారణంగా "పిప్" వినిపించదు. పాడైందేమోనని నేను మొదట కంగారుపడ్డాను. నిరంతరం మారేదానికి "అయిపోయింది" అని చెప్పే క్షణం ఉండదు కదా. ఇంకో తేడా ఏమిటంటే, చాలా కెమెరాల్లో ఈ మోడ్‌లో ఫోకస్ కుదిరినా కుదరకపోయినా మీట నొక్కగానే ఫోటో తీసేస్తుంది. మెనూలో దీనికి రిలీజ్ ప్రయారిటీ, ఫోకస్ ప్రయారిటీ అని ఎంపిక ఉంటే చూసుకోండి.

మూడోది ఏఎఫ్-ఏ, కెనన్‌లో ఏఐ ఫోకస్. మనిషి కదులుతున్నాడో లేదో కెమెరాయే చూసుకుని పై రెండింటిలో ఒకటి ఎంచుకుంటుంది. కొన్న రోజు చాలా చిన్న కెమెరాలు ఈ మోడ్‌లోనే ఉంటాయి. నాకిది నచ్చదు. నిలబడి ఉన్న పిల్ల ఒక్కసారిగా కదిలితే, కదిలిందని కెమెరా గ్రహించేలోపు అడుగు పడిపోతుంది. పిల్లలున్న ఇంట్లో అసలు కదలనివేమున్నాయి? నా కెమెరా ఇప్పుడు ఏడాదంతా ఏఎఫ్-సిలోనే ఉంటుంది.

ఎక్కడ ఫోకస్ చేయాలి

నన్ను ముంచింది ఈ రెండో ప్రశ్న. ఆ రోజు నా కెమెరా ఆటో ఏరియాలో ఉంది. అంటే ఫ్రేమ్‌లోని పాయింట్లన్నిటిలో దేన్ని వాడాలో కెమెరా ఇష్టం. మొహాలు గుర్తుపట్టని పాత కెమెరాలు ఎక్కువగా తమకు దగ్గరగా ఉన్న, గట్టి అంచులున్న వస్తువునే ఎంచుకుంటాయి. వెలుగుతున్న ఇత్తడి సెమ్మె కంటే గట్టి అంచులు దేనికుంటాయి చెప్పండి? కెమెరా దృష్టిలో అది చాలా సరైన పనే చేసింది. అక్కడ తాతయ్య ఉన్నారని దానికి తెలియదు.

తర్వాత లెక్క వేసి చూశాను. నేను సుమారు 8 మీటర్ల దూరంలో ఉన్నాను, లెన్స్ 200 మిల్లీమీటర్ల దగ్గర, ఎపర్చర్ ఎఫ్ 5.6. చిన్న సెన్సర్ కెమెరాలో ఈ లెక్కన స్పష్టంగా కనిపించే మందం, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, మొత్తం కలిపి సుమారు 35 సెంటీమీటర్లు. అడుగు పైన కాస్త. అందులో సగం ఫోకస్ పెట్టినదానికి ముందు, సగం వెనక. సెమ్మె వాళ్లకి మూడడుగులు ముందుంది. ఇంకేం కనిపిస్తారు? అందరూ ముద్దుపడి కొనుక్కునే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్‌తో 2 మీటర్ల దూరంలో తీస్తే ఆ మందం సుమారు 11 సెంటీమీటర్లే. ముక్కుపుడక మీద ఫోకస్ పెడితే చెవి జూకాలు మెత్తబడిపోతాయి.

కాబట్టి పాయింటు మనమే ఎంచుకోవాలి. సింగిల్ పాయింట్ అంటే ఒకే చిన్న గడి, అది ఎక్కడుంటే అక్కడే ఫోకస్. అడ్డంగా ఏదైనా ఉన్న ప్రతిచోటా నేను ఇదే వాడతాను. సాకర్ గోల్ వల వెనక నుంచి తీసినా, వ్రతంలో కలశం వెనక కూర్చున్నవాళ్లని తీసినా, జనం తలల సందులోంచి తీసినా గడిని నేరుగా మొహం మీద పెట్టేస్తే గొడవ లేదు. చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మధ్య పాయింటు మిగతావాటికంటే బలమైనది. అది నిలువు గీతలనూ అడ్డగీతలనూ రెండిటినీ పోల్చగలదు, క్రాస్ టైప్ అంటారు. పక్క పాయింట్లలో చాలావాటికి ఒకే దిశ గీతలు కనిపిస్తాయి. సన్నగీతల చీర మీద ఫోకస్ కుదరక లెన్స్ తిరుగుతూ ఉంటే కెమెరాని కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడండి, టక్కున కుదురుతుంది. తెల్లగోడలాంటి నున్నని చోట ఏ పద్ధతీ పనిచేయదు, పోల్చడానికి గీతే లేదు కనుక.

మధ్య పాయింటుతో మొహం మీద ఫోకస్ చేసి, మీట సగం నొక్కి ఉంచి, తర్వాత ఫ్రేమ్ సరిచేసుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఏఎఫ్-ఎస్‌లో, ఎపర్చర్ చిన్నదిగా ఉన్నప్పుడు ఫర్వాలేదు. ఏఎఫ్-సిలో అలా చేస్తే ఫ్రేమ్ జరపగానే గడి కింద ఏముంటే దాని మీదికి ఫోకస్ వెళ్లిపోతుంది. ఎఫ్ 1.8 లాంటి చోట కెమెరా తిప్పినప్పుడు వచ్చే కొద్ది సెంటీమీటర్ల తేడాకే కన్ను పోతుంది. పాయింటునే జరపడం మేలు.

బతుకమ్మ కథ వేరు. ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ ఉంటారు, మనకి కావలసినావిడ వచ్చేలోపు ముందు నుంచి మరొకావిడ దాటిపోతుంది. సింగిల్ పాయింటు నిలబెట్టడం కష్టం. అప్పుడు డైనమిక్ ఏరియా, జోన్, ట్రాకింగ్ అనే రకాలు పనికొస్తాయి. మనం ఒక మనిషి మీద మొదలుపెడితే, ఆమె గడి దాటినా చుట్టుపక్కల గడులు పట్టుకుంటాయి. ఎవరైనా అడ్డొచ్చినప్పుడు వెంటనే కొత్తవాళ్ల మీదికి దూకాలా, కాసేపు ఆగాలా అన్నది కూడా కొంచెం పెద్ద కెమెరాల్లో మనమే చెప్పొచ్చు. కెనన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ అని, నికాన్‌లో బ్లాక్డ్ షాట్ రెస్పాన్స్ అని వెతకండి. బతుకమ్మకి, కోలాటానికి దాన్ని "ఆగు" వైపు పెట్టాలి. డాలస్‌లో మా పక్కింటావిడ తీసిన వీడియోలో ఫోకస్ ప్రతి జడా వెంట పరుగెత్తింది పాపం.

ఇక కన్ను గుర్తుపట్టే కెమెరాలు. సోనీ 2019లో ఏ6400తో రియల్ టైమ్ ఐ ఏఎఫ్ తెచ్చాక మిగతావాళ్లూ పోటీ పడ్డారు. ఇవాళ కొత్తగా కొనేవాళ్లకి నేనిచ్చే ఒకే సలహా, మనిషి కన్ను గుర్తించే మిర్రర్‌లెస్ చూసుకోండి, మెగాపిక్సెల్స్ ఎన్నో ఆలోచించకండి. కానీ దానికీ బలహీనతలున్నాయి. స్టేజి మీద పదిమంది పిల్లలుంటే ఎవరి కన్ను కావాలో దానికి తెలియదు. పిల్ల వెనక్కి తిరిగితే పక్కపిల్లని పట్టేసుకుంటుంది. నేను స్నేహితురాలి కెమెరాతో తీసినప్పుడు చాలాసార్లు నటరాజ విగ్రహం మొహం మీద గడి వెలిగింది. కాబట్టి కన్ను గుర్తింపు ఆన్‌లో ఉంచి, ఏరియాని చిన్నదిగా పెట్టి, నా పిల్ల మీదే మొదలుపెడతాను.

చీకటి ఆడిటోరియంలో

మన పిల్లల ప్రోగ్రాములు ఎక్కువగా హైస్కూల్ ఆడిటోరియంలలో కదా. ఫ్లాష్ వేయనివ్వరు, వేయకూడదు కూడా. ముందుగా కెమెరా ముందు వెలిగే ఏఎఫ్ అసిస్ట్ లైటు ఆపేయండి. నృత్యం చేసే పిల్ల కళ్లలో కొడుతుంది, అంత దూరం అది ఎలాగూ చేరదు. శబ్దం ఆపేయండి. ఏఎఫ్-సి, సింగిల్ పాయింటు లేదా చిన్న జోన్, షట్టర్ 1/250 నుంచి 1/500 సెకను మధ్య, ఐఎస్ఓ 3200 పైకి వెళ్లినా భయపడకండి. గింజలు కనిపించే ఫోటోని చూడొచ్చు, ఫోకస్ పోయినదాన్ని చూడలేం. గడిని మొహం మీద కుదరకపోతే మెడలోని నగలు, నడుము పట్టీ మీద పెట్టినా సరే. టెంపుల్ జ్యూయలరీకి అంచులు పుష్కలం, మొహానికి అదే దూరంలో ఉంటుంది. పొగ వదిలినప్పుడు తీయకండి. ఫోకస్ తప్పి లెన్స్ వెతుక్కోవడం మొదలైతే మీట మీద వేలు తీసి, అంతే దూరంలో వెలుతురున్న అంచు ఒకటి చూసుకుని మళ్లీ నొక్కండి.

చాలామందికి తెలియని ఇంకో సదుపాయం, ఫోకస్‌ని ఫోటో మీట నుంచి విడదీసి వెనక బటన్‌కి ఇవ్వడం. పెద్ద కెమెరాల్లో ఏఎఫ్-ఆన్ అని బటనే ఉంటుంది. చిన్న కెనన్‌లలో నక్షత్రం గుర్తు బటన్‌కి, చిన్న నికాన్‌లలో ఏఈ-ఎల్ ఏఎఫ్-ఎల్ బటన్‌కి మెనూలో ఆ పని అప్పగించవచ్చు. బొటనవేలు నొక్కి ఉంచితే ఏఎఫ్-సి, వదిలేస్తే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి ఏఎఫ్-ఎస్ లాగా. రెండు మోడ్‌లూ ఒక్క వేలి కింద ఉన్నట్టే. అలవాటవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒక్క ఇబ్బంది, కెమెరా మా వారి చేతికిచ్చి "నన్నొకటి తియ్యండి" అంటే ఆయనకి ఫోకస్ ఎలా చేయాలో తెలియదు. అలా పోయిన ఫోటోలు చాలానే ఉన్నాయి, అన్నీ నావే.

ఫోన్‌తో తీసేవాళ్లు, అంటే మనలో తొంభై మంది, ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఐఫోన్‌లో మనిషి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచితే ఏఈ/ఏఎఫ్ లాక్ అని పసుపు అక్షరాలు వస్తాయి. ఇక ఎవరు అడ్డొచ్చినా ఫోకస్, వెలుతురు రెండూ మారవు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాగే నొక్కి ఉంచాలి. వీడియో మొదలుపెట్టే ముందే చేయాలి. కాకపోతే తాళం పడింది దూరానికి, మనిషికి కాదు. పిల్ల ముందుకొస్తే మళ్లీ నొక్కుకోవాలి.

వచ్చే నెల మా అమ్మాయి రంగప్రవేశం. చివర్లో పెద్దల ఆశీర్వాదం ఉంటుంది. ఈసారి మా అమ్మ ఒక్కతే వస్తోంది గుంటూరు నుంచి. రిహార్సల్ రోజు ఆడిటోరియంకి వెళ్లి మూడో వరసలో నిలబడి చూసుకున్నాను. ఏఎఫ్-సి, సింగిల్ పాయింటు, ఎపర్చర్ ఎఫ్ 4, గడి అమ్మ నిలబడే చోటు మీద. అన్నీ కుదిరాయి. తర్వాత గురువుగారి దగ్గరికి వెళ్లి, దీపపు సెమ్మెని ఆశీర్వాదం సమయానికి నాలుగడుగులు పక్కకి జరపొచ్చా అని అడిగాను. "దానికేముందమ్మా, నేనే జరిపిస్తాను" అన్నారు.